సోలార్ ముళ్ల వాచీ: నడక, అమరిక, మొరాయింపు

డయల్ మీద పడిన వెలుతురును కరెంటుగా మార్చుకుని, దాన్ని లోపలి చిన్న సెల్లులో దాచుకుని, ఆ నిల్వతో ముళ్లను తిప్పే క్వార్ట్జ్ చేతి గడియారమే సోలార్ ముళ్ల వాచీ. దీనికి రోజూ కీ ఇవ్వక్కర్లేదు, రెండు మూడేళ్లకోసారి సెల్లు మార్పించక్కర్లేదు. సిటిజన్ 'ఎకో-డ్రైవ్' అనీ, కాసియో 'టఫ్ సోలార్' అనీ, సీకో ఉత్త 'సోలార్' అనీ అమ్ముతున్నవి ఈ జాతివే. టైటాన్ తెచ్చిన 'హెచ్‌టీఎస్ఈ' వరుస కూడా ఈ కోవలోదే. చూడ్డానికి మామూలు వాచీలాగే ఉంటుంది కాబట్టి కొన్నవాళ్లు దాన్ని మామూలు వాచీలాగే వాడతారు. చాలా ఇబ్బందులు అక్కడే మొదలవుతాయి. ఆగిపోయిందని సొరుగులో పడేసిన సోలార్ వాచీలో చెడిపోయిన భాగమంటూ ఏదీ లేకపోవచ్చు. వెలుతురు చాలక నిల్వ అడుగంటి ఉండవచ్చు. అలాంటి వాచీని సొరుగులో పెట్టడమంటే దానికున్న ఒక్క ఆధారాన్నీ తీసేయడమే.

వాచీ స్థితి ఏమిటో సెకన్ల ముల్లు చెబుతుంది. అది సెకనుకో అడుగు వేస్తోందా, రెండేసి సెకన్లు దూకుతోందా, తడబడుతోందా, పన్నెండు దగ్గర నిలబడిపోయిందా అన్నది గమనిస్తే చాలు. కావలసింది వెలుతురా, టైము సరిచేయడమా, మరమ్మతా అన్నది వెనక మూత విప్పకుండానే చాలావరకు తేలిపోతుంది. ముందు వెలుతురు, తర్వాత అమరిక, చివరికే మరమ్మతు: ఈ వరుస తప్పితే డబ్బు దండగ, వాచీకి చేటు.

పుట్టుక

వెలుతురుతో గడియారం నడపాలన్న ప్రయత్నం చేతి గడియారంతో మొదలు కాలేదు. జెనీవా కంపెనీ పటెక్ ఫిలిప్ 1950లలోనే కాంతి సాయంతో స్ప్రింగు చుట్టుకునే బల్ల గడియారాలు చేసింది. చేతి గడియారానికి దారి తెరిచింది క్వార్ట్జ్. సీకో తన తొలి క్వార్ట్జ్ వాచీ 'ఆస్ట్రాన్'ను 1969 డిసెంబరు 25న టోక్యోలో అమ్మకానికి పెట్టింది. ఆ తర్వాతి ఏళ్లలో క్వార్ట్జ్ యంత్రాలకు కావలసిన కరెంటు తగ్గుతూ పోయింది. అంత కొద్ది కరెంటును డయల్ మీద పట్టే చిన్న సౌర పలక కూడా ఇవ్వగలదన్న ఆశ పుట్టింది. అమెరికాలో రోజర్ రీల్ అనే ఇంజనీరు 1970ల తొలినాళ్లలో 'సింక్రోనార్' అనే సోలార్ వాచీ తెచ్చాడు. దానికి ముళ్లు లేవు. ఎర్రటి అంకెలు వెలిగేవి.

ముళ్లున్న తొలి సోలార్ వాచీ జపాన్‌లో పుట్టింది. 1976లో సిటిజన్ 'క్రిస్ట్రాన్ సోలార్ సెల్'ను విడుదల చేసింది. 1973 చమురు సంక్షోభం దెబ్బకు, దిగుమతి ఇంధనం మీద ఆధారపడిన జపాన్ శక్తిని పొదుపు చేసే ప్రతి మార్గాన్నీ వెతుకుతున్న కాలమది. ఆ వాచీ డయల్ మీద సిలికాన్ పలకలు బాహాటంగా కనిపించేవి. సాంకేతికంగా అది గొప్ప విజయమే. అయితే వాచీ నగ కూడా. మొహం నిండా నల్లటి పలకలున్న వాచీని అందరూ ఇష్టపడరు. పైగా అప్పటి సెల్లు దాచుకోగల శక్తి తక్కువ. తర్వాతి ఇరవై ఏళ్ల కృషి ఈ రెండు లోపాల మీదే సాగింది. పలకను డయల్ కింద దాచాలి, చీకట్లో ఎక్కువ కాలం నడిపించాలి. 1986 నాటి సిటిజన్ మోడల్ నిండా చార్జి చేస్తే ఎనిమిది రోజులు నడిచేది. 1995లో లిథియం రకపు రీచార్జి సెల్లుతో ఎకో-డ్రైవ్ వచ్చాక లెక్క రోజుల నుంచి నెలలకు మారింది. వాడి పారేసే సెల్లుల చెత్త తగ్గుతుందన్న కారణంతో 1996లో దానికి జపాన్ పర్యావరణ సంఘం వారి 'ఎకో మార్క్' గుర్తింపు దక్కింది.

సిటిజన్ కంపెనీ పనితనం తెలుగు ఇళ్లలోకి అంతకు ముందే వచ్చింది. 1961లో బెంగళూరులో మొదలైన హెచ్ఎంటీ వాచీల ఫ్యాక్టరీ సిటిజన్ సాంకేతిక సహకారంతో ఏర్పడిందే. పెళ్లిలో అల్లుడికి పెట్టిన, పొద్దున్నే లేచి కీ ఇచ్చుకున్న ఆ వాచీలకూ నేటి ఎకో-డ్రైవ్‌కూ అలా ఒక చుట్టరికం ఉంది.

స్విస్ కంపెనీల్లో పేరున్నవి ఈ దారిలోకి ఆలస్యంగా వచ్చాయి. కార్టియే 2021లో 'ట్యాంక్ మస్ట్ సోలార్‌బీట్'ను తెచ్చింది. డయల్ మీది రోమన్ అంకెలకు కంటికి ఆనని సన్నని రంధ్రాలు పెట్టి, వాటి గుండా వెలుతురును కిందికి పంపిన తీరు ముచ్చటైనది. 2022లో ట్యాగ్ హోయర్ 'ఆక్వారేసర్ సోలార్‌గ్రాఫ్' తెచ్చింది. దాని యంత్రాన్ని చేసిన లా జూ-పెరే అనే స్విస్ సంస్థ 2012 నుంచి సిటిజన్ చేతిలోనే ఉంది. అంటే తిరిగి తిరిగి విద్య పుట్టింటికే చేరింది.

లోపలి పని

డయల్ వెలుతురును కొంతవరకు తన గుండా పోనిచ్చే పదార్థంతో చేసి ఉంటుంది. దాని కింద కాగితమంత పల్చని సిలికాన్ పొర. చాలా మోడళ్లలో ఈ పొరను ముక్కలుగా విడదీసి వరసగా కలుపుతారు. అలా కలిపితే సెల్లును నింపడానికి చాలినంత వోల్టేజీ వస్తుంది. పాత సోలార్ వాచీల డయల్‌ను ఎండలో వాలుగా పట్టి చూస్తే లీలగా ఒక అడ్డగీత, ఒక నిలువుగీత కనిపిస్తాయి. అది నాలుగు ముక్కల అతుకు. లోపం కాదు, కొత్తవాళ్లు కంగారు పడక్కర్లేదు. తర్వాత వచ్చిన కొన్ని మోడళ్లలో పొరను డయల్ అంచు చుట్టూ ఉంగరంలా అమర్చారు.

పొర ఇచ్చిన కరెంటు నేరుగా ముళ్లకు వెళ్లదు. సెల్లులోకి వెళుతుంది, అక్కడి నుంచి క్వార్ట్జ్ ముక్కకు. ఆ ముక్క సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. రెండును పదిహేనుసార్లు గుణిస్తే వచ్చే సంఖ్య ఇదే. సర్క్యూటు దాన్ని పదిహేనుసార్లు సగం చేసుకుంటూ వస్తే సరిగ్గా సెకనుకొక తాకిడి మిగులుతుంది. ఆ తాకిడికి చిన్న మోటారులోని అయస్కాంతం అరచుట్టు తిరుగుతుంది, పళ్లచక్రాలు దాన్ని సెకన్ల ముల్లుకు ఒక అడుగుగా అందిస్తాయి. ఈ మోటారుకు మూలం ఫ్రెంచి ఇంజనీరు మారియస్ లవే 1936లో పేటెంటు తీసుకున్న నమూనా. నిల్వ నిండిపోతే ఇక ఎక్కించుకోకుండా ఆపే ఏర్పాటు కూడా సర్క్యూటులో ఉంటుంది. అందుకే 'ఎక్కువసేపు వెలుతురులో ఉంచితే సెల్లు పాడవుతుందేమో' అన్న భయం అక్కర్లేదు. భయపడాల్సింది వేడికి.

వెలుతురు లెక్క

మన కన్ను వెలుతురును కొలవడంలో చాలా మోసపోతుంది. ట్యూబులైటు వెలిగే గది మనకు వెలుగుతో నిండి ఉన్నట్టే అనిపిస్తుంది. నిజానికి అక్కడ ఉండేది సుమారు 500 లక్సులు. మబ్బు పట్టిన పగలు బయట 10,000 లక్సులు, మిట్టమధ్యాహ్నం ఎండలో 1,00,000 లక్సులు. గదికీ ఎండకూ తేడా రెండు వందల రెట్లు! వాచీతో వచ్చే కరపత్రాల్లోని చార్జింగు పట్టిక ఈ తేడానే చెబుతుంది. అంకెలు మోడల్‌ను బట్టి మారతాయి గానీ, మామూలు మూడు ముళ్ల వాచీ ఒక రోజు నడవడానికి కావలసిన శక్తి నేరుగా పడే ఎండలో రెండు నుంచి నాలుగు నిమిషాల్లో, మబ్బు వెలుతురులో సుమారు పది నిమిషాల్లో వస్తుంది. గది వెలుతురులో అదే పనికి మూడు నాలుగు గంటలు పడుతుంది. పూర్తిగా ఖాళీ అయిన సెల్లు నిండాలంటే ఎండలోనే చాలా గంటలు కావాలి. ఒక్క గది వెలుతురు మీదే ఆధారపడితే రోజులు, వారాలు పడుతుంది.

ఖాళీ అయిన వాచీని కాసేపు కిటికీ దగ్గర పెడితే ముల్లు కదులుతుంది. 'బాగైపోయింది' అనుకుని చేతికి పెట్టుకుంటారు. రాత్రికి మళ్లీ ఆగుతుంది. అప్పుడు 'సెల్లు పోయింది' అన్న నిర్ణయానికి వస్తారు. ముల్లు కదలడం వేరు, నిల్వ నిండడం వేరు. వెలుతురు తగలగానే నడక మొదలుపెట్టే ఏర్పాటు చాలా మోడళ్లలో ఉంది. అది వాచీ బతికే ఉందని చెబుతుంది, కడుపు నిండిందని కాదు. ఆగిపోయిన వాచీకి కనీసం రెండు మూడు రోజులు పగటి వెలుతురు ఇచ్చాకే దాని మీద తీర్పు చెప్పాలి.

ఎక్కడ పెట్టాలి? పొద్దుటి ఎండ పడే కిటికీ గట్టు మంచిది. ఎల్ఈడీ బల్లదీపం కూడా పనికొస్తుంది, అది పెద్దగా వేడెక్కదు కాబట్టి దగ్గరగా పెట్టినా ఇబ్బంది లేదు. పాతకాలపు వేడి బల్బులకూ హాలోజెన్ దీపాలకూ మాత్రం ఎడంగా ఉంచాలి. వాచీ 60 డిగ్రీల సెల్సియస్ దాటకూడదని తయారీదారులు హెచ్చరిస్తారు. దాటితే సెల్లూ దెబ్బతింటుంది, నీటిని ఆపే రబ్బరు రింగులూ గట్టిపడతాయి. జపాన్ కరపత్రంలో చివరి పేజీ హెచ్చరికగా ఉండే ఈ మాట రెంటచింతలలోనో రామగుండంలోనో మొదటి పేజీలో ఉండాలి. మే నెల మధ్యాహ్నం అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు ఆ హద్దును తేలిగ్గా దాటుతుంది. చార్జింగు అవుతుందని వాచీని అక్కడ వదిలేయడం అన్నిటికంటే చెడ్డ అలవాటు.

చలిదేశాల్లో ఉన్న తెలుగువాళ్ల సమస్య దీనికి తలకిందులు. షికాగోలోనో టొరంటోలోనో డిసెంబరులో పగలు చిన్నది, బయటికి వెళితే వాచీ కోటు చేతి కింద. నాలుగు నెలలు అలా గడిస్తే ఖరీదైన వాచీ కూడా నీరసిస్తుంది. రాత్రి వాచీ తీసినప్పుడు డయల్ పైకి ఉండేలా దీపం పక్కన, కిటికీ ఎదురుగా పెట్టడం అలవాటు చేసుకుంటే ఆ ఇబ్బంది రాదు. నిండా చార్జి అయిన వాచీ చీకట్లో మోడల్‌ను బట్టి సుమారు ఆరు నుంచి పది నెలలు నడుస్తుంది కాబట్టి అప్పుడప్పుడూ వచ్చే లోటు దానికి లెక్క కాదు. నెలల తరబడి సాగే లోటే ముప్పు.

టైము పెట్టడం

కొత్త వాచీకైనా, ఆగి లేచిన వాచీకైనా ముందు చార్జి చేసి తర్వాత టైము పెట్టాలి. నిల్వ తక్కువగా ఉన్నప్పుడు పెట్టిన టైము నిలవదు.

మూడు ముళ్లూ తేదీ ఉన్న మామూలు వాచీలో కీకి సాధారణంగా మూడు స్థానాలు. లోపలికి నొక్కి ఉన్నది నడక స్థానం. ఒక క్లిక్కు బయటికి లాగితే తేదీ, వారం. రెండో క్లిక్కుకు ముళ్లు కదులుతాయి, సెకన్ల ముల్లు ఆగుతుంది. ఈత వాచీల్లో కీ మరలాగా బిగించి ఉంటుంది. ముందు గడియారం తిరిగే దిశకు ఎదురుగా తిప్పి వదులు చేయాలి. అది తెలియక బలంగా లాగి కీ కాడ విరగ్గొట్టుకున్నవాళ్లున్నారు.

అనుభవమున్న రిపేరుదార్లు తేదీని నేరుగా ఇవాళ్టికి పెట్టరు. ముందురోజు తేదీ పెడతారు. తర్వాత కీని రెండో క్లిక్కుకు లాగి, తేదీ మారేదాకా ముళ్లను ముందుకు తిప్పుతారు. తేదీ మారిన చోటు అర్ధరాత్రి. అక్కడి నుంచి ఇప్పటి టైము దాకా, మధ్యాహ్నం దాటి ఉంటే పన్నెండును ఇంకోసారి దాటించి, తిప్పుకుంటూ వస్తారు. ఇలా చేస్తే పగలు రాత్రి తారుమారయ్యే ప్రసక్తే లేదు. మధ్యాహ్నం పన్నెండుకు తేదీ మారుతోందని వచ్చే ఫిర్యాదుకు మందు కూడా ఇదే: ముళ్లను పన్నెండు గంటలు ముందుకు తిప్పితే సరి.

రాత్రి తొమ్మిదికీ ఒంటిగంటకూ మధ్య తేదీని కీతో మార్చకూడదన్న నియమం చాలా మోడళ్లకు వర్తిస్తుంది. ఆ వేళ తేదీ చక్రానికి పళ్లు తగులుకుని ఉంటాయి. బలవంతం చేస్తే మర్నాడు తేదీ మారకపోవచ్చు, రెండు అంకెల మధ్య ఇరుక్కుపోవచ్చు. ముళ్లను ఆ వేళ దాటించి, అప్పుడు తేదీ మార్చి, మళ్లీ టైము పెట్టుకోవాలి. తేదీ చక్రానికి ఎప్పుడూ 31 అంకెలే కాబట్టి ఫిబ్రవరి, ఏప్రిల్, జూన్, సెప్టెంబరు, నవంబరు నెలలు ముగిశాక, ఏడాదికి ఐదుసార్లు, చేత్తో సరిచేయక తప్పదు.

సెకన్లతో సహా పెట్టాలనుకునేవాళ్లు సెకన్ల ముల్లు పన్నెండు మీదికి వచ్చిన క్షణాన కీని రెండో క్లిక్కుకు లాగాలి. నిమిషాల ముల్లును కావలసిన గుర్తు కంటే నాలుగైదు నిమిషాలు ముందుకు తీసుకెళ్లి, మళ్లీ వెనక్కి తెచ్చి గుర్తు మీద నిలపాలి. పళ్లచక్రాల మధ్య ఉండే చిన్న వదులు ఇలా సర్దుకుంటుంది. తర్వాత సరైన క్షణానికి కీ నొక్కేయడమే. భారత ప్రామాణిక కాలాన్ని ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల అణు గడియారాలతో కాపాడుతోంది. ఒకప్పుడు ఆకాశవాణి వార్తల ముందు వచ్చే పిప్ పిప్ చప్పుళ్ల కోసం చెవులు రిక్కించిన పనిని ఇప్పుడు ఫోను తెర చేసిపెడుతోంది. ఈ వాచీలు మామూలుగా నెలకు పదిహేను సెకన్ల అటూఇటూ తప్పుతాయి. ఆ మాత్రం తేడా లోపం కిందికి రాదు.

శాశ్వత క్యాలెండరున్న మోడళ్ల పద్ధతి వేరు. వాటిలో లీపు సంవత్సరం గడిచి ఎన్నేళ్లైందో, ఇది ఏ నెలో వాచీకి చెప్పాలి. కొన్నింటిలో సెకన్ల ముల్లే డయల్ మీది ఒక స్థానం చూపి ఈ రెండు సంగతులూ తెలుపుతుంది. ఒకసారి సరిగ్గా చెబితే, మధ్యలో నిల్వ అయిపోకపోతే, 2100 ఫిబ్రవరి 28 దాకా తేదీ తప్పదు. 2100 నాలుగుతో భాగించబడినా లీపు సంవత్సరం కాదు, వాచీ లెక్కకు అందని మొదటి మినహాయింపు అదే.

సెకన్ల ముల్లు చెప్పేది

ముల్లు రెండు సెకన్లకోసారి రెండడుగులు ఒక్కసారే వేస్తోందంటే నిల్వ తక్కువైందని హెచ్చరిక. సిటిజన్, సీకో, కాసియో మూడింటిలోనూ ఈ సంకేతం ఉంది. కొన్ని సీకో మోడళ్లలో ఇంకా నీరసిస్తే ఐదేసి సెకన్లు దూకుతుంది. ఈ స్థితిలో టైము తప్పదు. వెనకపడిన అడుగులను ముల్లు జమకట్టి వేస్తుంది. చేయాల్సింది చార్జి చేయడం ఒక్కటే. కంగారుపడి టైము మార్చడం, కీ తిప్పడం అనవసరం.

ముల్లు తడబడుతూ, సమంగా లేని అడుగులతో దూకుతోందంటే అర్థం వేరు. వాచీ పూర్తిగా ఆగి, వెలుతురు తగిలి మళ్లీ లేచింది. నడుస్తోంది గానీ అది చూపే టైము తప్పు. సిటిజన్ వాచీల్లో కనిపించే ఈ సంకేతం 'నన్ను సరిచేయి' అన్న వేడుకోలు. కీ లాగి టైము పెట్టేదాకా తడబాటు పోదు, ఎంత ఎండలో పెట్టినా సరే. ఈ రెంటినీ ఒకటనుకుని రోజుల తరబడి ఎండబెట్టడం తరచుగా జరిగే పొరపాటు.

ముల్లు పన్నెండు దగ్గర నిలబడితే వాచీ నిద్రలో ఉండవచ్చు. కాసియో సోలార్ వాచీల్లో చాలావాటిని రాత్రివేళ చీకట్లో గంటకు పైగా ఉంచితే సెకన్ల ముల్లు ఆగుతుంది. ఆరేడు రోజులు చీకట్లో ఉంటే మిగతా ముళ్లూ ఆగుతాయి. లోపల లెక్క మాత్రం సాగుతూనే ఉంటుంది. వెలుతురులోకి తేగానే ముళ్లు గబగబా తిరిగి సరైన చోటుకు చేరతాయి. అలా తిరుగుతున్నప్పుడు కీ ముట్టుకోకూడదు.

ఇవేవీ కాకుండా ముల్లు ఉన్నచోటే వణుకుతూ ముందుకు కదలకపోతే చక్రాల్లో అడ్డంకి, ఎండిన నూనె, లేదా తేమ ఉందేమో చూడాలి. అది రిపేరుదారు పని.

మిగతా మొరాయింపులు

అయస్కాంతం సంగతి చాలామందికి తట్టదు. ఫోను మూత, చేతిసంచి బొత్తాం, స్పీకరు, వీటి దగ్గర రాత్రంతా పెట్టిన వాచీ పొద్దుటికి అరగంట వెనకపడి ఉండవచ్చు. లోపలి మోటారే అయస్కాంతంతో తిరిగేది కాబట్టి బయటి అయస్కాంతం దాన్ని ఆపేస్తుంది. దూరం చేస్తే మళ్లీ నడుస్తుంది. టైము మాత్రం పెట్టుకోవాలి. కీ ఇచ్చే పాత వాచీలకు అయస్కాంతం అంటితే రిపేరు షాపుకు వెళ్లి వదిలించుకోవాలి. సోలార్ వాచీకి ఆ బాధ సాధారణంగా ఉండదు.

స్టాప్‌వాచ్ ఉన్న మోడళ్లలో దెబ్బ తగిలినప్పుడో, నిల్వ పూర్తిగా అయిపోయినప్పుడో చిన్న ముళ్లు సున్నా మీదికి రాకుండా పక్కన ఆగుతాయి. దీన్ని మరమ్మతు లేకుండానే సరిచేయవచ్చు: కీ బయటికి లాగి, పక్క బొత్తాలతో ముల్లును ఒక్కొక్క అడుగు జరిపి సున్నాకు చేర్చి, కీ నొక్కేయాలి. ఏ బొత్తాం ఏ ముల్లుదో మోడల్‌ను బట్టి మారుతుంది. వెనక మూత మీద చెక్కిన యంత్రం నంబరు చూసి దాని కరపత్రం వెతుక్కోవడం ఉత్తమం. సిటిజన్‌లో ఆ నంబరు బి612, ఈ111 వంటి రూపంలో, సీకోలో వి157, వి175 వంటి రూపంలో ఉంటుంది. అందం కోసం పెట్టిన మోడల్ పేరు ఈ పనికి అక్కరకు రాదు. మామూలు వాచీలో సెకన్ల ముల్లు గీత మీద కాక గీత పక్కన పడటం చాలాసార్లు చక్రాల వదులు వల్లే, దానితో టైముకు నష్టం లేదు.

అద్దం లోపల ఆవిరి పడితే ఎంతసేపు ఉందో చూడాలి. ఏసీ గదిలోంచి విశాఖ ఉక్కపోతలోకి వచ్చినప్పుడు పట్టి కాసేపట్లో పోయే మసక పెద్ద విషయం కాదు. గంటల తరబడి నిలిచిందంటే నీరు లోపలికి చేరినట్టే. ఆలస్యం చేస్తే సర్క్యూటు తుప్పు పడుతుంది. వెంటనే మూత విప్పించి ఆరబెట్టించాలి.

రేడియో సంకేతంతో టైము సరిచేసుకునే సోలార్ వాచీ కొన్నవాళ్లకు భారతదేశంలో ఎదురయ్యే నిరాశ ఇంకొకటి. ఆ సంకేతాలు జపాన్‌లో రెండు చోట్ల నుంచి, చైనా నుంచి, జర్మనీలో మైన్‌ఫ్లింగెన్ నుంచి, బ్రిటన్‌లో ఆంథార్న్ నుంచి, అమెరికాలో కొలరాడో రాష్ట్రపు ఫోర్ట్ కాలిన్స్ నుంచి వస్తాయి. ఇక్కడ ఆ వాచీలు వినగల ప్రసారం లేదు. డాలస్‌లో ప్రతి రాత్రీ తనంతట తాను సరిచేసుకున్న వాచీ సెలవులకు గుంటూరు వస్తే మామూలు క్వార్ట్జ్ వాచీగా మారిపోతుంది. అది చెడిపోవడం కాదు. వాచీ అమరికలో నగరాన్ని ఢిల్లీకి మార్చి ముళ్లను సరిచూసుకుంటే చాలు. ఉపగ్రహాల నుంచి టైము తీసుకునే సోలార్ వాచీలకు ఈ హద్దు లేదు. సిటిజన్ 2011లో అలాంటిదాన్ని తెచ్చింది, 2012లో సీకో పాత ఆస్ట్రాన్ పేరుతోనే తెచ్చిన ఉపగ్రహ వాచీ 39 కాలమండలాలను గుర్తించగలిగింది. ఇంటి టైము కోసం అదనపు ముల్లున్న వాచీ కొనే ప్రవాసులు ఒకటి చూసుకోవాలి. ఆ ముల్లు గంటకు గంట చొప్పున మాత్రమే జరిగేదైతే మన ఐదున్నర గంటల లెక్కలోని అరగంట దానికి పట్టదు.

సెల్లు మార్చాల్సి వస్తే

ఈ సెల్లు ఎన్నటికీ పోదన్న ప్రచారం నిజం కాదు గానీ, చాలా కాలం ఉంటుందన్నది నిజం. ప్రయోగశాల పరీక్షల ప్రకారం ఇరవై ఏళ్ల తర్వాత కూడా సెల్లు సామర్థ్యంలో 80 శాతం మిగులుతుందని సిటిజన్ చెబుతోంది. కార్టియే తన సోలార్‌బీట్ సెల్లుకు 16 ఏళ్ల ఆయుర్దాయం చెప్పింది. నిల్వ పూర్తిగా ఎండిపోయి ఏళ్లు గడిచిన వాచీల్లో, వేడి తగిలిన వాటిలో సెల్లు అంతకంటే ముందే నీరసించవచ్చు.

సెల్లు నిజంగా పోయిందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. వరసగా రెండు మూడు రోజులు మంచి పగటి వెలుతురు ఇవ్వాలి. ముల్లు సెకనుకో అడుగు వేస్తున్నాక టైము పెట్టి అలమారలో చీకట్లో ఉంచాలి. వారం తర్వాత తీసినా మామూలుగా నడుస్తుంటే సెల్లు మంచిదే, ఇంతకాలం వెలుతురే చాలలేదు. ఒకటి రెండు రోజుల్లోనే రెండేసి సెకన్ల దూకుడుకు దిగినా, ఆగినా సెల్లు శక్తిని నిలుపుకోలేకపోతోంది. రాత్రి నిద్రపోయే మోడళ్లలో మాత్రం ముల్లు ఆగడాన్ని బట్టి తీర్పు చెప్పకూడదు. వెలుతురులోకి తెచ్చాక ఎలా లేస్తుందో చూడాలి.

షాపుకు తీసుకెళ్లాక జాగ్రత్తపడాల్సిన సంగతి ఒకటుంది, అన్నిటికంటే ముఖ్యమైనది. సోలార్ వాచీ సెల్లు, మామూలు వాచీ సెల్లు కొలతల్లో దాదాపు ఒకేలా ఉంటాయి. చేతికందిన సిల్వర్ ఆక్సైడ్ సెల్లు పెట్టేస్తే వాచీ ఆ పూటకు నడుస్తుంది కూడా. కానీ చార్జి ఎక్కించకూడని సెల్లులోకి డయల్ కింది పొర రోజూ కరెంటు పంపుతుంటుంది. అది కారుతుంది, వేడెక్కుతుంది, పగలవచ్చు. ఈ ప్రమాదం గురించి సీకో తన కరపత్రాల్లో గట్టిగా హెచ్చరిస్తుంది. సోలార్ వాచీకి దానికి నిర్ణయించిన రీచార్జి సెల్లే పడాలి: సిటిజన్ వాచీల్లో కొన్నింటికి ఎంటీ621, ఎంటీ920 రకాలు, కాసియోలో సీటీఎల్1616 వంటివి, సీకోలో 3023తో మొదలయ్యే విడిభాగం నంబరున్నవి. వీటిలో చాలావాటికి విద్యుత్తును అందించే లోహపు రేకు అతికించి ఉంటుంది కాబట్టి విడి సెల్లు పెడితే తగలాల్సిన చోట తగలదు. మార్చే ముందే పాత సెల్లు మీది నంబరునూ కొత్తదాని నంబరునూ పక్కపక్కన పెట్టి చూపమని అడగాలి. మూత విప్పిన వాచీకి రబ్బరు రింగు కూడా కొత్తది వేయించి, ఈతకు వాడేదైతే నీటి ఒత్తిడి పరీక్ష చేయించుకోవాలి. ఇంటికి తెచ్చాక ఒక పగలంతా కిటికీ గట్టు మీద ఉంచి, ఆ తర్వాతే టైము పెట్టుకోవాలి.